బెలుం గుహలు సరిగ్గా చూడటం ఎలా: బయల్దేరే ముందురోజు నుంచి పైకొచ్చి నీళ్లు తాగే దాకా

"బెలుం పోతున్నాం, ఏం తీసుకుపోవాలి?", "మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, దిగొచ్చా?", "లోపల ఊపిరి ఆడదంట, నిజమేనా?" కర్నూలు, అనంతపురం, కడప వైపు పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. వీటన్నిటికీ ఒకేచోట జవాబు చెప్పడానికే ఈ మార్గదర్శి.

ముందు ఒక అపోహ పోవాలి. గుహ అనగానే చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. బెలుం చల్లగా ఉండదు. లోపల ఉక్క. చెమట పడుతుంది, పట్టిన చెమట ఆరదు.

దానికి కారణం ఉంది. లోతైన గుహలో వేడి, ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా ఉండే సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. విశాఖ వైపున్న బొర్రా గుహలు సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తున అనంతగిరి కొండల్లో ఉన్నాయి, ముఖద్వారం కూడా పెద్దది, అందుకే అక్కడ ఇంత ఉక్క ఉండదు. బెలుం మన రాయలసీమ మైదానంలో, పొలాల అడుగున ఉంది. ఇక్కడి సగటు వేడి ఎంతో మనకు తెలిసిందే. దానికి తేమ తోడైతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే బట్టలు, నీళ్లు, తిండి, వేళ అన్నీ ఈ ఉక్కను లెక్కలో పెట్టుకునే చూసుకోవాలి. ఈ ఒక్కటి మరిచిపోయి వచ్చినవాళ్లే సగం దారిలో వెనక్కి తిరుగుతారు.

## 1. ఎవరు దిగొచ్చు, ఎవరు ఆలోచించుకోవాలి

గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సందర్శకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశం నుంచి 46 మీటర్ల దిగువన ఉంటుంది. మన లెక్కలో 150 అడుగులు. దారి చాలావరకు చదునుగానే ఉంటుంది. మెట్లు దిగాల్సినవి, నడుం వంచాల్సినవి, ఒకరి వెనక ఒకరు మాత్రమే పట్టే సందులు మధ్యమధ్య వస్తాయి.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. నాలుగంతస్తుల మెట్లు మామూలు నడకతో ఎక్కి దిగండి. ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే మామూలు దారికి ఇబ్బంది లేదు. మూడో అంతస్తులోనే రెయిలింగ్ పట్టుకుని ఆగాల్సి వస్తే లోపలికి పోవచ్చుగానీ పాతాళగంగ మెట్లు మానుకోండి.

ముందుగా డాక్టరును అడిగి రావాల్సినవాళ్లు:

- ఉబ్బసం, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు
- గర్భిణులు
- ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు
- మూసిన లిఫ్టులో నిలబడితేనే గుండె దడదడలాడేవాళ్లు

చక్రాల కుర్చీ లోపలికి పోదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను దిగొద్దని అనం. మెట్లు మెల్లగా దిగి మొదటి పెద్ద గదుల దాకా చూసి వస్తే చాలు, ఆ కాస్తకే చూసిన తృప్తి మిగులుతుంది. అయితే వాళ్లతో పాటు వెనక్కి వచ్చేది ఎవరో పైనుండగానే అనుకోండి. లోపల నిలబడి "నువ్వు పో", "నువ్వే పో" అని వాదించుకుంటుంటే వెనకున్నవాళ్లకు దారి ఉండదు.

మూడేళ్లలోపు పిల్లలుంటే ఒకటి గట్టిగా చెప్పాలి. బిడ్డను భుజాల మీద ఎక్కించుకోవద్దు. పైకప్పు కిందికి వచ్చిన చోట పెద్దవాళ్లు అలవాటుగా తల వంచుతారు, పైనున్న బిడ్డ తల రాతికి కొట్టుకుంటుంది. బిడ్డ ఎదకు ఆనుకుని ఉండాలి, మీ చేయి ఒకటి ఖాళీగా ఉండాలి.

## 2. ఏ నెల, ఏ రోజు, ఏ పూట

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. లోపలి వేడి ఏడాదంతా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది కాబట్టి ఈ నెలల వల్ల లాభం బయటి ప్రయాణానికే. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో అలిసిపోయి వచ్చి ఉక్కలోకి దిగడం ఒంటికి రెండు దెబ్బలు తగిలినట్టు.

పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లాలనుకుంటే ముందు ఫోన్ చేసి తెరిచారో లేదో కనుక్కోండి. నేలలోని గుంతలోంచే గుహలోకి దిగాలి, వాన నీళ్లు చేరేదీ గుంతలోకే. లోపల దారి కూడా బురదవుతుంది.

సెలవులు కాని మంగళ, బుధ, గురువారాలు హాయి. సంక్రాంతి, దసరా సెలవులు, ఆదివారాలు వీలైతే తప్పించండి. జనం అంటే వరుసలో నిలబడే కష్టం ఒక్కటే కాదు, లోపల గాలి సంగతి కూడా. వందమంది ఒకే సందులో ఊపిరి వదులుతుంటే బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, అందరికీ ఉసూరుమంటుంది. లోపలికి గొట్టాల ద్వారా మంచి గాలి పంపే ఏర్పాటు ఉంది, అయినా జనం పోటెత్తిన రోజు తేడా ఇట్టే తెలిసిపోతుంది.

టికెట్లు సాధారణంగా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా ఇస్తారు. పది గంటలకు కౌంటరు దగ్గర ఉండేలా చూసుకోండి. మొదటి అరగంటలో దిగినవాళ్లకు గాలి బాగుంటుంది, గదులు ఖాళీగా దొరుకుతాయి. సాయంత్రం నాలుగు తర్వాత దిగితే లోపల పరుగు తప్పదు.

## 3. దారి

ఊరు బెలుం, మండలం కొలిమిగుండ్ల. పాత కర్నూలు జిల్లాలోది, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. పాత చిరునామా, కొత్త చిరునామా చూసి రెండు వేరే చోట్లు అనుకోవద్దు.

- కర్నూలు నుంచి: ఓర్వకల్లు, పాణ్యం, బనగానపల్లె మీదుగా సుమారు 106 కి.మీ. ఆగుతూ పోతే మూడు గంటలు.
- అనంతపురం నుంచి: తాడిపత్రి, కొలిమిగుండ్ల మీదుగా సుమారు 85 కి.మీ. రెండు గంటలు, కొంచెం అటూ ఇటూ.
- కడప నుంచి: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా. మూడు గంటలు చేతిలో పెట్టుకోండి.

రైల్లో వచ్చేవాళ్లు తాడిపత్రిలో దిగాలి. అక్కడి నుంచి సుమారు 30 కి.మీ. బస్టాండులో కొలిమిగుండ్ల మీదుగా బనగానపల్లె పోయే ఆర్టీసీ బస్సు అడిగి, ఎక్కేటప్పుడే కండక్టరుకు "బెలుం గుహల దగ్గర" అని చెప్పండి. తిరిగొచ్చే బస్సు వేళ కూడా అప్పుడే అడిగి రాసుకోండి. గుహల దగ్గర దిగినాక ఆ సంగతి చెప్పేవాళ్లు దొరకడం కష్టం.

కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. రాళ్ల లారీలు ఎక్కువగా తిరుగుతాయి, దుమ్ము కూడా అంతే. బైకు మీద వచ్చేవాళ్లు కళ్లజోడు, ముక్కుకు గుడ్డ మరవొద్దు.

## 4. ఒంటి మీద ఏముండాలి, సంచిలో ఏముండాలి

బట్టలు. పలచటి నూలు చొక్కా, వదులు ప్యాంటు లేదా పంజాబీ డ్రెస్సు. జీన్సు చెమటకు తడిసి మోకాళ్ల దగ్గర పట్టేస్తుంది, మెట్ల దగ్గర నరకం. చీర కట్టుకునేవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి కట్టి, కొంగు నడుముకు దోపుకోవాలి. నల్ల చొక్కా వేసుకుంటే నల్లటి రాతి ముందు ఫోటోలో తల మాత్రమే మిగులుతుంది, అది వేరే సంగతి.

చెప్పులు. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. హవాయి చెప్పులతో దిగొద్దు. తడి మెట్టు మీద అరికాలు చెమటకు చెప్పులోంచి ముందుకు జారుతుంది, జారేది చెప్పు కాదు మీరే. అడుగున గాడులు లోతుగా ఉన్న బూట్లు లేదా మడమకు పట్టీ ఉన్న సాండిల్స్ వేసుకోండి. కొత్త బూట్లు ఆ రోజే మొదలుపెట్టొద్దు.

కళ్లజోడు. ఎండకు నల్లబడే అద్దాలు వాడేవాళ్లు గుర్తుంచుకోవాలి: నీడలోకి వచ్చాక ఆ అద్దాలు తేటపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మెట్లు దిగేది సరిగ్గా ఆ నిమిషాల్లోనే. కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే నీడలో నిలబడండి.

సంచిలో ఉండాల్సినవి:

- మనిషికి ఒక లీటరు నీళ్లు (సగం లోపలికి, సగం పైకొచ్చాక)
- ఓఆర్‌ఎస్ పొట్లం. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, 200 మి.లీ. చిన్న పొట్లమైతే ఒక గ్లాసులో. రుచి కోసమని సగం పొట్లం వేయడం, గ్లాసు నీళ్లలో పెద్ద పొట్లం వేయడం రెండూ తప్పే
- చిన్న టార్చి. ఫోన్ లైటు ఉన్నా సరే
- చెమట తుడుచుకునే నూలు తువ్వాలు
- మారు చొక్కా ఒకటి, బండిలో
- ఇన్‌హేలర్ వాడేవాళ్లకు అది సంచిలో కాదు, జేబులో
- షుగరు ఉన్నవాళ్లకు రెండు చాక్లెట్లు, వాటి కాగితం మళ్లీ జేబులోకే
- చిల్లర నోట్లు. సిగ్నలు సరిగా అందకపోతే ఫోన్‌తో చెల్లించడం కుదరదు

సంచి వీపుకు అంటుకునే చిన్నది కావాలి. భుజానికి వేలాడే సంచి నడుం వంచిన ప్రతిసారీ ముందుకు ఊగి రాతికి కొట్టుకుంటుంది. ట్రైపాడ్లు, సెల్ఫీ కర్రలు, గొడుగులు బండిలోనే ఉండనివ్వండి.

తిండి. దిగడానికి గంట ముందు తేలిగ్గా తినండి. ఉగ్గాని తినొచ్చు, పక్కన బజ్జీలు మాత్రం పైకొచ్చాక. కడుపు నిండా తిని ఉక్కలోకి దిగితే వికారం ఖాయం. ఖాళీ కడుపుతో దిగినా కళ్లు తిరుగుతాయి.

## 5. పైన కౌంటరు దగ్గర చేయాల్సిన పనులు

టికెట్ తీసుకుని నేరుగా దిగిపోకండి. పావుగంట ఆగండి.

1. అందరూ బాత్రూముకు వెళ్లిరావాలి. లోపల ఆ వసతి లేదు, పిల్లలు సగం దారిలో అడుగుతారు.
2. గ్లాసు నీళ్లు నిదానంగా తాగాలి.
3. గైడును అడగాలి. మొదటిసారి వచ్చేవాళ్లు గైడు లేకుండా దిగొద్దని మా గట్టి మాట. గదుల పేర్లు చెబుతాడని మాత్రమే కాదు, ఏ సందులో ఆ రోజు బురదుందో, ఎక్కడ తల వంచాలో అతనికి తెలుసు.
4. "విడిపోతే ఎవరు ఎక్కడ ఆగాలి" అనేది ముందే అనుకోవాలి. లోపల ఫోన్ సిగ్నలు ఉండదు. పిల్లలకు ఒకే మాట నేర్పండి: దారి తప్పితే నడవొద్దు, లైటున్న చోటే నిలబడి పిలవాలి.
5. ముందు నడిచేది ఒక పెద్ద మనిషి, ఆఖరున నడిచేది ఇంకో పెద్ద మనిషి. మధ్యలో పిల్లలు, ముసలివాళ్లు.

## 6. మొదటి పది నిమిషాలు

పైన నేలలో మూడు పెద్ద గుంతలు కనిపిస్తాయి, బావుల్లాగా. మధ్య గుంతలోంచే దారి. మెట్లు దిగేటప్పుడు ఒక చేయి రెయిలింగ్ మీద ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి.

అడుగుకు చేరగానే ముందుకు పరుగెత్తకుండా పక్కకు జరిగి ఐదు నిమిషాలు నిలబడండి. ఎండలోంచి వచ్చిన కంటికి చీకటి అలవాటు కావాలి. కన్ను పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుందిగానీ, మొదటి ఐదు నిమిషాల్లోనే అడుగు వేయడానికి సరిపోయేంత చూపు వస్తుంది. ఆ ఐదు నిమిషాలు ఆగనివాళ్లే మొదటి మలుపులో గోడకు తల కొట్టుకునేది.

అక్కడ నిలబడ్డప్పుడే ఊపిరి గమనించుకోండి. ముక్కుతో పీల్చి నోటితో వదలండి, పదిసార్లు. గుండె కుదురుగా ఉంటే కదలండి. దడ తగ్గకపోతే అప్పుడే పైకి వెళ్లడం తేలిక. మెట్లు ఇంకా పక్కనే ఉన్నాయి.

## 7. లోపల ఎలా చూడాలి

వచ్చినవాళ్లలో చాలామంది లోపల రంగు దీపాల ముందు ఫోటోలు దిగి నలభై నిమిషాల్లో బయటపడతారు. ఒకటిన్నర కిలోమీటరుకు కనీసం గంటన్నర ఇవ్వండి.

గైడు చెప్పే పేర్లు ముందే తెలిస్తే చూపు దేనిమీద పెట్టాలో తెలుస్తుంది:

- సింహద్వారం: సింహం తల ఆకారంలో సహజంగా ఏర్పడిన రాతి కమాను.
- కోటిలింగాలు: పైనుంచి వేలాడే రాతి ఊడలు, శివలింగాల గుంపులా కనిపిస్తాయి.
- వేయి పడగలు: పైకప్పు నుంచి పాము పడగల్లా విప్పుకున్న రాళ్లు. ఇక్కడ తల పైకెత్తి నడవకండి, నిలబడి చూడండి.
- ఊడలమర్రి: పైకప్పు నుంచి మర్రి ఊడల్లా దిగిన స్తంభం.
- ధ్యాన మందిరం: తలగడతో సహా మంచం పరిచినట్టున్న రాయి ఇక్కడే ఉంది.
- మండపం: స్తంభాలున్న హాలులాంటి పెద్ద గది. ఆగి నీళ్లు తాగడానికి మంచి చోటు.
- సప్తస్వరాల గుహ: తడితే గణగణమనే రాతి ఊడలు.

పేర్లు అయిపోయాక అసలు చూడాల్సింది గోడ.

నల్లటి రాయి పలకలు పలకలుగా, పేర్చిపెట్టిన నోటు పుస్తకాల అంచుల్లా ఉంటుంది. ఇది మీకు తెలిసిన రాయే. కొలిమిగుండ్ల, తాడిపత్రి, బేతంచెర్ల నుంచి మన ఇళ్లకు వచ్చే నాపరాయిది ఇదే సున్నపురాయి జాతి. ఇంట్లో నాపరాయి గచ్చు మీద నిమ్మరసం పడి కాసేపు ఉంటే అక్కడ మెరుపు పోయి తెల్లమచ్చ పడుతుంది. పిల్లలకు ఆ మచ్చ చూపించి తీసుకురండి. అక్కడ నిమిషాల్లో జరిగిందే ఇక్కడ లక్షల ఏళ్లు జరిగింది. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని పలచటి ఆమ్లమవుతుంది, రాతి నెర్రెల్లో దిగుతూ సున్నాన్ని కరిగిస్తుంది, కరిగిన దారే గుహ అవుతుంది.

గోడను పక్క నుంచి, టార్చి వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. కొన్నిచోట్ల గరిటెతో తోడినట్టు వరసగా చిన్న గుంటలు కనిపిస్తాయి. నీళ్లు పారినప్పటి గుర్తులవి. ఆ గుంటకు ఒక అంచు నిటారుగా, ఇంకో అంచు వాలుగా ఉంటే నిటారు అంచు ఉన్న వైపు నుంచే ఒకప్పుడు నీళ్లు వచ్చాయని అర్థం. గుంటలు చిన్నవైతే ప్రవాహం వడిగా ఉండేది, పెద్దవైతే నెమ్మదిగా. నీళ్లు లేని చోట నీటి దారిని చదవడం పిల్లలకు భలే నచ్చుతుంది.

రాతి ఊడ కొస దగ్గర ఆగి చూడండి. కొస తడిగా ఉండి చుక్క వేలాడుతుంటే అది ఇంకా పెరుగుతున్న ఊడ. పొడిగా, మసకగా ఉంటే పెరగడం ఆగిపోయింది. చుక్కలోంచి వాయువు గుహ గాలిలోకి పోగానే కరిగిన సున్నం మళ్లీ రాయిగా ఒక పల్చటి పొరలా మిగులుతుంది. పైన మిగిలితే ఊడ, కింద పడి మిగిలితే నేల నుంచి లేచే మొలక, రెండూ కలిస్తే స్తంభం.

కొన్ని దీపాల పక్కన రాతి మీద పచ్చటి పాచి కనిపించొచ్చు. అది గుహకు సహజమైనది కాదు. చీకట్లో పాచి బతకదు, మనం పెట్టిన వెలుతురు వల్లే పెరుగుతుంది. దాన్ని గీకొద్దు, పాచితో పాటు రాతి పొర కూడా లేస్తుంది.

## 8. పాతాళగంగ: దిగాలా, మానాలా

గుహలో అన్నిటికంటే లోతు, ఇరుకు, తడి ఇక్కడే. ఏడాది పొడవునా పారే చిన్న నీటి పాయ, కనిపించినట్టే కనిపించి రాతి కిందికి మాయమవుతుంది.

దిగే ముందు మూడు చూసుకోండి. ఇప్పటికి మీ నీళ్లలో సగం మిగిలిందా? మోకాళ్లు వణకడం లేదు కదా? కింద ఇప్పటికే గుంపు ఉందా? మూడో దానికి జవాబు "ఉంది" అయితే పైనే ఆగి వాళ్లు ఎక్కాక దిగండి. సందులో ఎదురెదురు పడితే ఇద్దరికీ జారే ప్రమాదమే.

దిగేటప్పుడు ఒకరి వెనక ఒకరు, రెండు మెట్ల దూరంలో. పాదం పక్కకు తిప్పి మెట్టు మీద పూర్తిగా ఆనించండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మొదట నొప్పి ఉన్న కాలు దించాలి, ఎక్కేటప్పుడు మొదట మంచి కాలు పైకి వేయాలి.

నీళ్లలో కాళ్లు పెట్టకండి, నాణేలు వేయకండి, తీర్థమని తాగకండి. ఐదు నిమిషాలకు మించి ఉండాల్సిన పని లేదు. ఎక్కేటప్పుడు ఆయాసం రావడం మామూలే, పదిహేను మెట్లకు ఒకసారి ఆగండి.

## 9. ఎందుకు తాకొద్దంటారు

ఇది బోర్డు మీద రాసే మాట అనుకుని చాలామంది పట్టించుకోరు. కారణం తెలిస్తే చేయి దానంతట అదే వెనక్కి వస్తుంది.

మన చేతికి నూనె, చెమట ఉంటాయి. ఊడ కొసను వేలితో తాకితే ఆ నూనె పొర అంటుకుని నీళ్లు సమంగా పారవు. సున్నం పేరుకోదు, తాకిన చోట నల్లబడుతుంది. రాతి ఊడ నూరేళ్లకు ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. చిటికెన వేలంత ముక్క విరిచి జేబులో వేసుకుంటే ఐదారు వందల ఏళ్లు జేబులో వేసుకున్నట్టు. ఇంటికి తెచ్చాక ఆ ముక్క పొడిబారి మామూలు సుద్దముక్కలా పడి ఉంటుంది. గుహలో అదున్న చోట మాత్రం గాయం అలాగే నిలిచిపోతుంది.

సప్తస్వరాల గుహ దగ్గర గైడు కర్రతో మెల్లగా తట్టి వినిపిస్తే వినండి. మీరు నాణెంతో, తాళంచెవితో, రాయితో కొట్టకండి. లోహం తగిలిన ప్రతిసారీ సన్నటి పెచ్చు రాలుతుంది. ఒకరు తడితే అందరికీ వినపడుతుంది. అందరూ తట్టక్కర్లేదు.

గోడల మీద పేర్లు రాసేవాళ్లు కనబడితే గొడవ పడకుండా గైడుకు చెప్పండి. మీ పిల్లలకు మాత్రం ముందే చెప్పి తీసుకురండి.

## 10. ఫోటోలు

ఏసీ కారులోంచి తీసిన చల్లటి ఫోన్ ఉక్కలోకి రాగానే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. తుడిచిన కొద్దీ మళ్లీ కమ్ముతుంది. చేరడానికి పావుగంట ముందే కారులో ఏసీ ఆపి ఫోన్ బయట పెట్టండి. పెద్ద కెమెరా అయితే లోపల పది పదిహేను నిమిషాలు సంచి జిప్పు తీయకండి, లోపలి వేడికి సర్దుకోనివ్వండి.

ఫ్లాష్ ఆపేయండి. ఎదురుగా కొట్టే వెలుతురుకు రాతి ఎత్తుపల్లాలు చదునైపోతాయి, గాలిలోని తేమ చుక్కలు తెల్ల మచ్చలుగా పడతాయి. నైట్ మోడ్ పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి బటన్ నొక్కండి. కెమెరాను రాతికి ఆనించొద్దు, రెయిలింగ్ ఉంటే దానికి ఆనించండి. తెర మీద దీపానికి దగ్గరి వెలుగు చోటును వేలితో తాకి వెలుతురు కాస్త తగ్గిస్తే రాతి రంగు నిలుస్తుంది.

ఇరుకు సందుల్లో ఫోటోలొద్దు. ఒక్కరు ఆగితే వెనక ముప్పైమంది ఆగుతారు.

## 11. లోపల ఏదైనా తేడా వస్తే

కరెంటు పోయింది. కదలకండి. టార్చి వేసి ముందుగా పాదాల దగ్గర చూసుకోండి, పిల్లల చేతులు పట్టుకోండి. దీపాలు మళ్లీ వచ్చే దాకా లేదా గైడు చెప్పే దాకా ఆ చోటు వదలొద్దు. చీకట్లో తోపులాటే దెబ్బలకు కారణం.

ఉక్కిరిబిక్కిరిగా ఉంది. గాలి గొట్టం తెరుచుకున్న చోటికి పోయి నిలబడండి, గొట్టం కనబడకపోతే పెద్ద గదికి. ఇరుకులో కూలబడొద్దు. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ముందుకు కాదు, వెనక్కి.

తలనొప్పి, వికారం, చెమట పట్టడం ఆగిపోవడం. ఇవి వడదెబ్బ గుర్తులు. ఆ మనిషిని ఒంటరిగా పంపొద్దు. ఇద్దరు తోడుండి పైకి తీసుకురండి, నీడలో పడుకోబెట్టి తడి గుడ్డతో మెడ, చంకలు తుడవండి. మాట తడబడుతుంటే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

చీలమండ మడత పడింది. బూటు విప్పకండి, విప్పితే వాపుకు మళ్లీ పట్టదు. లేసులు బిగించి, ఇద్దరి భుజాల ఆసరాతో నెమ్మదిగా బయటికి.

పిల్లవాడు భయపడి ఏడుస్తున్నాడు. "ఏం కాదు పద" అని లాగొద్దు. టార్చి వాడి చేతికివ్వండి. దారి చూపించే పని వాడిదే అన్నాక చాలామంది పిల్లలు కుదుటపడతారు. అప్పటికీ కాకపోతే ఆ రోజుకు అంతే, వెనక్కి రండి.

తలకు రాయి తగిలింది. నెత్తురు వస్తే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. కళ్లు బైర్లు కమ్మినా, వాంతి వచ్చినా ఆసుపత్రికి పోవాలి.

## 12. పైకి వచ్చాక

లోపలికి పోయిన దారే బయటికి రావడానికి కూడా. కాబట్టి ఒంట్లో శక్తి అంతా లోపలే ఖర్చు పెట్టకండి, ఆఖరి మెట్లకు కొంచెం మిగుల్చుకోండి.

మెట్లెక్కగానే ఎండలోకి నడవకుండా నీడలో పది నిమిషాలు కూర్చోండి. మిగిలిన అర లీటరు నీళ్లు తాగండి. బాగా చెమట పట్టినవాళ్లకు ఓఆర్‌ఎస్ లేదా ఉప్పు వేసిన మజ్జిగ. తడి చొక్కా మార్చుకున్నాకే ఏసీ కారెక్కండి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని తలలు లెక్కపెట్టుకోండి, సీసాలు, చాక్లెట్ కాగితాలు అన్నీ తిరిగొచ్చాయో చూసుకోండి.

భోజనానికి గుహల దగ్గర పర్యాటక శాఖ హరిత హోటలు ఉంది, లేదంటే తాడిపత్రికో బనగానపల్లెకో పోవాలి.

మిగిలిన పూటకు ఒకే చోటు పెట్టుకోండి. కడప వైపు వెళ్లేవాళ్లకు గండికోట, సుమారు 60 కి.మీ. పన్నెండున్నరకు పైకొచ్చి, తిని, రెండుకు కదిలితే సాయంత్రం వెలుతురులో పెన్నా లోయ చూడొచ్చు. కర్నూలు వైపు తిరిగేవాళ్లు బనగానపల్లె నుంచి కాస్త పక్కకు వెళితే యాగంటి వస్తుంది. అక్కడి గుహలకూ మెట్లెక్కాలి, కాబట్టి బెలుంలో పాతాళగంగ దిగినవాళ్లు యాగంటిలో గుడి, కోనేరు చూసి, గుహల మెట్లు ఇంకోసారికి ఉంచుకోండి.